మన గ్రంథాలయపు పెంగ్విన్ పిన్ని

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీ సోమవారం ఉదయం మన కేంద్ర గ్రంథాలయంలో టైపిస్టుగా విధుల్లో చేరిన ఒక యువతి, మధ్యాహ్నం కాకముందే టైపు మిషను రిబ్బను చిక్కు విప్పబోయి చేతులు మోచేతుల దాకా మసి చేసుకుని, సాయంత్రం హాజరు పట్టికలో సంతకంతోపాటు ఎవరూ అడగని వేలిముద్ర కూడా వేసి ఇంటికి వెళ్ళారు. రిబ్బను మార్చడానికి వేరే మనిషి ఉన్నాడనీ, అతను వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే సరిపోయేదనీ నాటి పెద్ద గుమాస్తాగారు మందలిస్తే, “ఆయన వచ్చి బాగుచేసి వెళ్ళిపోతే నాకు దీని సంగతి ఎప్పటికి తెలుస్తుందండీ?” అన్నారట. ముప్పై ఆరు సంవత్సరాల వారి ఉద్యోగ జీవితమంతా ఆ ఒక్క ప్రశ్న వెంటే నడిచిందంటే అతిశయోక్తి కాదు.

ఈ జూలై నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన కంప్యూటరు విభాగ పర్యవేక్షకురాలిని హోదాతో పిలిచేవారు మనలో ఎవరూ లేరు. పాఠకులకూ, పిల్లలకూ, చివరికి పాలకమండలి సభ్యులకూ వారు పెంగ్విన్ పిన్నిగారే. ఆ పిలుపు వెనుక ఎంత శ్రమ ఉందో, ఎంత విసుగు ఉందో, ఆ విసుగును మించిన వాత్సల్యం ఎంత ఉందో దగ్గరుండి చూసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం. కనుక ఆ కథను ఈ ప్రత్యేక సంచికలో పదిలపరచవలసిన బాధ్యత మా మీద పడింది.

తొలి దశాబ్దం పిన్నిగారికి పుస్తక సూచిక కార్డుల మధ్య గడిచింది. ప్రతి పుస్తకానికీ రచయిత పేరున ఒక కార్డు, గ్రంథం పేరున ఒకటి, విషయం పేరున మరొకటి టైపు చేసి చెక్క సొరుగుల్లో అక్షరక్రమంలో అమర్చడం వారి పని. వేగంలో వారు ఏనాడూ అగ్రగణ్యులు కారు. కార్డు మొదలుపెట్టే ముందు పుస్తకం తెరిచి రెండు పుటలు చదవడం వారికి తప్పని అలవాటు. ఆ రెండు పుటలు కాస్తా ఇరవై పుటలై, ఇంటికి వెళ్ళే బస్సు తప్పిపోవలసిన సందర్భాలు కోకొల్లలు. అయితే ఆ బస్సు నడిపేది వారి భర్తగారే కావడం వల్ల, గ్రంథాలయం ఎదుటి మలుపులో బండి ఆగవలసిన దానికంటే కాస్త ఎక్కువసేపే ఆగేదనీ, ప్రయాణికులు గొణుక్కునేవారనీ వినికిడి.

కొత్త శతాబ్దం మొదలైన కొన్నేళ్ళకు మన సంస్థకు కంప్యూటర్లు వచ్చాయి. శిక్షణకు ఎవరు వెళతారని సమావేశంలో అడిగినప్పుడు సిబ్బంది యావన్మందీ పైకప్పు వంక చూడగా, బల్ల కింద ఏదో నవల చదువుకుంటూ ప్రశ్న వినిపించుకోని పిన్నిగారు, పక్కవారు మోచేత్తో పొడిచేసరికి ఉలిక్కిపడి తల ఊపారు. ఆ విధంగా వారు మన గ్రంథాలయపు తొలి కంప్యూటరు సహాయకురాలయ్యారు.

మేడ మీద వీధివైపు గది కంప్యూటరు పఠనశాలగా మారింది. ఉద్యోగ దరఖాస్తులు నింపుకునే యువతీయువకులు, ఓడ మీద పనిచేసే కొడుకు నుంచి మెయిలు వచ్చిందేమో చూసుకోవడానికి వచ్చే ఒక తల్లి, చదరంగంలో యంత్రాన్ని ఒక్కసారైనా ఓడించి తీరాలని పట్టుబట్టిన విశ్రాంత కంపౌండరుగారు, ఇంట్లో కంప్యూటరు లేని విద్యార్థులు, ఇందరికీ ఆ గది ఆధారమైంది. తెర మీద ఏది నొక్కితే ఏమవుతుందోనని భయపడేవారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, “నొక్కండి, అది కరవదు” అని ధైర్యం చెప్పడం పిన్నిగారి నిత్యకృత్యమైంది.

దశాబ్దం తిరిగేసరికి ఆ యంత్రాలకు వార్ధక్యం వచ్చింది. వాటిలోని పాత వ్యవస్థకు తయారీదారుల మద్దతు ఆగిపోయింది. కొత్త వ్యవస్థను మోసే శక్తి ఆ పాత యంత్రాలకు లేదు. కొత్త యంత్రాలు కొనే స్తోమత మనకు లేదు. పాఠకులు తెచ్చే పెన్‌డ్రైవుల వెంట వైరస్‌లు వచ్చి తిష్ఠ వేశాయి. నాటి గ్రంథాలయాధికారిగారు సౌమ్యులు, అనుభవజ్ఞులు. పిన్నిగారిని పిలిపించి తమ మనసులో మాట చెప్పారు.

“గది మూసేద్దామమ్మా. మూసేసిన గది గురించి నాలుగు రోజులు మాట్లాడుకుని మర్చిపోతారు. సగం పనిచేసే గది గురించైతే రోజూ ఫిర్యాదులే.”

“ఆ ఫిర్యాదులు కూడా వాళ్ళు ఆ గదిలో కూర్చునే రాసుకుంటున్నారండీ. మూసేస్తే ఎక్కడ రాసుకుంటారు?”

అధికారిగారు నవ్వు ఆపుకోలేకపోయారు. అదే అదనుగా పిన్నిగారు మరో మాట కదిపారు.

“లినక్స్ అని ఒకటుందటండీ. కొనక్కర్లేదు. పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుందట.”

“నడుస్తుందట అంటే? మీరు చూశారా?”

“చూడలేదండీ, చదివాను.”

“పెట్టాక చెడిపోతే?”

“ఎలాగూ మూసేద్దామంటున్నారు కదా. చెడిపోయాకే మూద్దాం.”

వేసవి సెలవులయ్యేదాకా గడువు దొరికింది.

లినక్స్‌తో పరిచయం లేని పాఠకుల కోసం ఒక్క వివరణ. కంప్యూటరును నడిపించే మూల వ్యవస్థ అది. ప్రపంచం నలుమూలల ఉన్నవారు కలిసి తయారుచేసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని వదిలిపెట్టిన ఉమ్మడి సొత్తు. పెంగ్విన్ పక్షి దాని గుర్తు. ఒకే వ్యవస్థను ఎవరి అభిరుచి మేరకు వారు రకరకాలుగా కూర్చి, రకరకాల పేర్లతో పంచుతారు. ఆ కూర్పులను డిస్ట్రోలంటారు. వాటిలో ఏది మనకు సరిపోతుందో చెప్పే నాథుడు ఊళ్ళో ఒక్కరూ లేకపోవడంతో, పిన్నిగారు దొరికిన ప్రతిదాన్నీ ఎక్కించి చూడడం మొదలుపెట్టారు. ఒకటి చూడముచ్చటగా ఉంది గానీ, దాన్ని మోయలేక మన యంత్రాలు ఆయాసపడ్డాయి. ఒకటి చురుగ్గా పరుగెత్తింది గానీ, దాని ముఖం చూస్తే పాఠకులు పారిపోయేలా ఉంది. మరొకటి అన్నివిధాలా బాగుండి, తీరా వైఫై దగ్గర మొండికేసింది.

ఈ వైఫై పనిచేయాలంటే యంత్రంలో డ్రైవరు అనే చిన్న సాధనం ఉండాలి. ఆ సాధనం తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ ఉండాలి. ఇంటర్నెట్ రావాలంటే వైఫై పనిచేయాలి. తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టయింది పరిస్థితి. ఆ దిగులుతో ఇంటికి వెళ్ళి కూర్చున్న పిన్నిగారిని భర్తగారు పలకరించారు.

“ఏంటోయ్, అలా ఉన్నావు?”

“డ్రైవరు దొరకట్లేదండీ. ఎంత వెతికినా లేడు.”

“నేనున్నానుగా ఇంట్లోనే. లైసెన్సు కూడా ఉంది.”

ఆ సాయంత్రం భర్తగారి కాఫీ బాగా ఆలస్యమైందని కుటుంబ వర్గాల భోగట్టా. మర్నాడు పొడవాటి తీగ ఒకటి తెప్పించి, అధికారిగారి గదిలోని ఇంటర్నెట్ పెట్టె నుంచి మెట్ల మీదుగా మేడ మీదికి లాగి, ఒక్కొక్క యంత్రానికీ డ్రైవరు సమకూర్చారు పిన్నిగారు. ఆ తీగకు కాలు తగులుకుని రెండుసార్లు తూలిన అధికారిగారు పల్లెత్తు మాట అనలేదు సరికదా, సెలవుల తరువాత గది తెరిచిన రోజున అందరికంటే ముందు వచ్చి కూర్చుని, మౌసు పట్టుకుని, “ఏది నొక్కాలమ్మా?” అన్నారు. వారిని చూశాక పాఠకుల జంకు సగం తగ్గింది.

ఆ రోజే తల్లి వెంట వచ్చిన ఒక చిన్నారి తెర మీద బొమ్మను చూసి, “పిన్నీ, ఈ బాతు ఎవరు?” అని అడిగింది. “బాతు కాదమ్మా, పెంగ్విన్. ఇకనుంచి మన కంప్యూటర్లన్నిటినీ ఇదే చూసుకుంటుంది,” అన్నారు వీరు. వారం తిరగకుండా పిల్లల విభాగమంతా పెంగ్విన్ పిన్ని అనడం, నెల తిరగకుండా పెద్దల నోట కూడా అదే నానడం జరిగిపోయాయి.

కష్టాలు అంతటితో తీరాయనుకుంటే పొరపాటు. నిద్రపుచ్చిన యంత్రాలు లేవనన్నాయి. ప్రింటరు ఒక కాగితం అచ్చువేసి, రెండవదానికి అలిగి కూర్చునేది. ఒక ఉదయం అప్‌డేట్ పూర్తికాగానే గదిలోని తెరలన్నీ నల్లబడ్డాయి. పాలకమండలి సమావేశంలో ప్రొజెక్టరు వార్షిక నివేదికను తలకిందులుగా చూపించింది. సభ్యులు మెడలు వంచి చదవడానికి ప్రయత్నించడం మాలో చాలామందికి నేటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ పిన్నిగారు యంత్రం ఎదుట కూర్చుని, జ్వరం వచ్చిన బిడ్డను అడిగినట్టు, “ఏం నాయనా, ఏం కావాలి నీకు?” అని అడిగేవారు. యంత్రం జవాబు చెప్పకపోయినా, ఇంటర్నెట్‌లో లినక్స్ వాడుకరులు ఒకరికొకరు సాయపడే ఫోరంలో ఎవరో ఒకరు చెప్పేవారు. పిన్నిగారు తమకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే ప్రశ్న రాసి, జవాబు కోసం ఉత్తరం కోసం చూసినట్టు చూసేవారు.

అందరిలోకీ ఎక్కువగా విసుక్కున్నవారు మన కథల మాస్టారు. పిల్లల విభాగం బాధ్యులుగా ప్రతి శనివారం పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, రాజుకొక గొంతు, తోడేలుకొక గొంతు, ముసలవ్వకొక గొంతు పెట్టి కథ చెప్పడంలో వారిది అందెవేసిన చేయి. ఒక శనివారం కథకు వారు వేయించిన ప్రకటనలో వత్తులన్నీ అక్షరాల కిందినుంచి జారి పక్కకు వచ్చి కూర్చున్నాయి. కాగితం పట్టుకుని మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చారు.

“పిన్నిగారూ, ఇది చూడండి. నా రాక్షసుడు ‘రాక్ షసుడు’ అయ్యాడు. వీణ్ణి చూసి పిల్లలు జడుసుకుంటారా, నవ్వుతారా?”

“నవ్వితే మంచిదేగా మాస్టారూ.”

“మీకేం, మీ పెంగ్విన్‌ని వెనకేసుకొస్తారు. నా కథ గంగలో కలిసింది.”

ఫాంటు మార్చి రాక్షసుణ్ణి యథాస్థితికి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆనాటి నుంచి వారిద్దరి మధ్యా ఈ సరసమైన కలహం నిత్యమూ సాగుతూనే వచ్చింది. మాస్టారు వంకలు పెట్టడం, పిన్నిగారు వెనకేసుకురావడం, మధ్యలో ఇద్దరూ కలిసి టీ తాగడం.

ఇంత అవస్థ పడి ఎందుకమ్మా అని అడిగినవారికి పిన్నిగారు పెద్ద సిద్ధాంతాలేవీ చెప్పేవారు కాదు. ఉదయం గది తెరిచి మీటలు వేయగానే యంత్రాలు ఒకదాని తరువాత ఒకటి మేలుకుని, తెరలన్నిటి మీదా పెంగ్విన్‌లు బారులు తీరితే, టీ కప్పు చేత్తో పట్టుకుని ఆ వరుసను చూస్తూ నిలబడేవారు. “పారేద్దామన్నవి కదండీ ఇవి. చూడండి, బళ్ళో పిల్లల్లా ఎలా లేచాయో,” అనేవారు. ఓడ మీది కొడుకు తల్లికి చూపు మందగించినప్పుడు, ఆమె కూర్చునే యంత్రంలో అక్షరాలు పెద్దవి చేసి, నలుపు మీద పసుపు రంగు వచ్చేలా తామే మార్చి ఇచ్చారు. “నచ్చినట్టు మార్చుకోనిస్తుంది. అందుకే దీని కోపతాపాలు భరిస్తాను,” అన్నది పిన్నిగారి మాట.

వారి హృదయం ఎటువంటిదో తెలిపే సంఘటన ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. మాస్టారి అనుమతితో, వారి శ్రీమతి అనుమతితో రాస్తున్నాం.

2019వ సంవత్సరంలో మాస్టారి గొంతు బొంగురుపోయింది. శనివారం కథల ప్రభావమనుకుని అందరం మిరియాల కషాయాలు సలహా ఇచ్చాం. డాక్టర్లు పరీక్షలు చేసి, గొంతులో పెరిగినది మంచిది కాదనీ, స్వరపేటిక తీసివేయక తప్పదనీ చెప్పారు. ఆ సంగతి మాస్టారు మాలో ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం భోజన విరామంలో మేడ మీదికి వెళ్ళి, పిన్నిగారి ఎదుట కుర్చీలో కూర్చున్నారు.

“మళ్ళీ ప్రింటరా మాస్టారూ?”

“కాదు.” కీబోర్డు వంక చూస్తూ, “మీ పెంగ్విన్‌లో గొంతు దాచుకోవచ్చా?” అని అడిగారు.

“ఎవరి గొంతు?”

“నాదే. ఆపరేషన్ అయ్యాక ఇక ఉండదట.”

పిన్నిగారు చేతిరుమాలు తీసి, శుభ్రంగానే ఉన్న మౌసును తుడిచారు.

“ఎన్ని కథలు చెప్పగలరు?”

“ఓపిక ఉన్నన్ని.”

“అయితే రేపే మొదలుపెడదాం.”

ముందు ఫోనులో ప్రయత్నించారు. అప్పటికే మాస్టారి గొంతు సన్నగిల్లడం వల్ల, కథకంటే వీధిలో బళ్ళ చప్పుడే స్పష్టంగా వినబడింది. సభామందిరంలోని మంచి మైకు తెచ్చి కంప్యూటరుకు తగిలించారు. అక్కడ అసలు పరీక్ష మొదలైంది. మైకు ఉన్నట్టు తెర మీద చూపిస్తుంది, మాట్లాడితే మాత్రం శబ్దాన్ని సూచించే గీత ఉలకదు పలకదు. ఒక అమరిక మారిస్తే హోరు వచ్చింది. మరొకటి మారిస్తే మాస్టారు బావిలోంచి మాట్లాడినట్టు వచ్చింది. ఇంకొకటి మారిస్తే ఉన్నది కూడా పోయింది.

పిన్నిగారు ఫోరంలో మొర పెట్టుకున్నారు. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఉండే ఒక అపరిచితుడు స్పందించాడు. ఒక్కొక్క మార్పు చేసి చూడమనీ, చేసిన ప్రతిసారీ నాలుగు మాటలు రికార్డు చేయమనీ, బాగా రాకపోయినా వేటినీ చెరపవద్దనీ, పోల్చి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుందనీ రాశాడు. కనుక మాస్టారు మైకు ముందు కూర్చుని, నోటికి వచ్చిన మాటలేవో అనేవారు.

“హలో... హలో. ఇది నా గొంతు. ఇంకా ఉంది.”

“పిన్నిగారూ, మీ పెంగ్విన్‌కి చెవుడు. ఏ డాక్టరుకైనా చూపించండి.”

“టీ వచ్చిందా? వస్తే నాకు చక్కెర తక్కువ.”

“బయట వాన పట్టుకుంది. ఇవాళ కూడా గొడుగు తేలేదు నేను.”

దూరం నుంచి ఎలా వినిపిస్తుందో చూద్దామని పిన్నిగారు వారిని ఒకసారి బయటికి వెళ్ళి మాట్లాడుతూ లోపలికి రమ్మన్నారు. మాస్టారు వరండాలోకి వెళ్ళి, తలుపు తోసుకుని, “ఇదిగో, వచ్చేశా,” అంటూ వచ్చారు. హోరు మధ్య మాటలు ఎలాగో వినబడే వీటన్నిటినీ పిన్నిగారు ‘పనికిరానివి’ అని పేరు పెట్టి ఒక ఫోల్డరులో పడేశారు.

ఆపరేషను తేదీ దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం ఎంతసేపు ప్రయత్నించినా ఏమీ వినబడకపోతే, మాస్టారు ఏమీ అనకుండా లేచి కిందికి వెళ్ళిపోయారు. వారు ఎప్పటిలా విసుక్కుని వెళ్ళి ఉంటే పిన్నిగారికి అంత బాధ ఉండేది కాదు. గదిలో ఒంటరిగా కూర్చుని, యంత్రం మీద చెయ్యి వేసి, “నాయనా, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాడైపో, నేనేం అనను. ఈ వారం ఒక్కటి మాత్రం వద్దు,” అనడం, దినపత్రికల కట్ట కోసం అటు వెళ్ళిన పత్రికల విభాగపు సహోద్యోగి విన్నారు. చప్పుడు చేయకుండా వెనుదిరిగి వచ్చి మా అందరికీ సంగతి చెప్పారు. మాస్టారి అనారోగ్యం గురించి సిబ్బందికి తెలిసింది ఆనాడే.

చివరికి లోపం దొరికింది. యంత్రం మన మైకును వదిలేసి, అసలు మైకే లేని మరో ద్వారం దగ్గర చెవి ఒగ్గి కూర్చుంది. దాని చెవి ఇటు తిప్పితే మాట వినబడింది. ఆర్పి వెలిగిస్తే మళ్ళీ అటే తిరిగింది. అది ఇక తిరగకుండా ఉండడానికి ఎక్కడ ఏ వాక్యం రాయాలో అపరిచితుడు పంపాడు. అయినా పిన్నిగారికి నమ్మకం చాలక, అప్‌డేట్లు ఆపేసి, యంత్రానికి ఒక కాగితం అంటించారు. “దయచేసి ఆర్పవద్దు, కదపవద్దు, చూడవద్దు.”

ఆ వారమంతా కిటికీలు మూసి, పంకా ఆపి, ఉక్కలో చెమటలు కక్కుతూ మాస్టారు కథలు చెప్పారు. పాఠకులు తమంతట తామే గుసగుసలకు దిగారు. గ్రంథాలయం మలుపులో పిన్నిగారి భర్తగారి బస్సు హారను మోగలేదు, ఆయన తోటి డ్రైవర్లకు కూడా చెప్పారట. ఆఖరి కథ సగంలో మాస్టారి గొంతు జీరబోయి ఆగిపోయింది. నీళ్ళు తాగి మళ్ళీ ప్రయత్నించి, చిన్నగా నవ్వి, “మిగతాది పిల్లలు చెప్పుకుంటారు లెండి,” అన్నారు. ఆ నవ్వు కూడా రికార్డులో ఉంది.

ఆపరేషను సవ్యంగా జరిగింది. మాస్టారు ఇంటికి చేరిన కొన్నాళ్ళకు, పాఠశాలలో లెక్కలు చెప్పే వారి శ్రీమతి కథల ప్రతి తీసుకోవడానికి పిన్నిగారి దగ్గరికి వచ్చారు. పెన్‌డ్రైవు అందుకున్నాక కూడా వెంటనే కదలలేదు.

“ఇప్పుడు మీరు ఎక్కిస్తుండగా కొన్ని విన్నాను వదినా. చాలా బాగా వచ్చాయి. కాని...”

“చెప్పండి.”

“అవన్నీ కథల మాస్టారి గొంతులు. రాజులా మాట్లాడారు, తోడేలులా మాట్లాడారు. మా ఆయనలా మాట్లాడింది ఎక్కడా లేదు. ఏదైనా మామూలు మాట, ఒక్కటైనా... మిగిలిందా?”

పిన్నిగారు సంకోచంగా అన్నారు. “ఉన్నాయి గాని, అదంతా చెత్త వదినా. సరిగ్గా రానివి. హోరు తప్ప ఏమీ ఉండదు.”

“ఉన్నా ఫరవాలేదు, పెట్టండి.”

పెట్టారు. చక్కెర మాట వినగానే టీచరుగారు నవ్వారు. గొడుగు మాటకు, “రోజూ గుమ్మంలో చేతికిస్తాను, అక్కడే వదిలేసి వెళతారు,” అని స్పీకరుతో తగువు పెట్టుకున్నారు. తరువాత తలుపు చప్పుడు, నాలుగు అడుగులు, “ఇదిగో, వచ్చేశా” అన్న మాట. టీచరుగారు ఒడిలో ఉన్న సంచీ పక్కన పెట్టి, కుర్చీలోంచి సగం లేచారు. సంసార జీవితమంతా ఏ మాట వినగానే లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళారో ఆ మాటకు కాళ్ళు తమంతట తామే లేచాయి. ఎక్కడున్నారో గుర్తుకు వచ్చి, మెల్లగా కూర్చున్నారు. పిన్నిగారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

“వదినా, ఇంకొక్కసారి పెడతారా?”

ఇంకొక్కసారి పెట్టారు. ఆ తరువాత ఆ ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తూ, ‘పనికిరానివి’ అన్న పేరు చెరిపి, ‘ఇంటి మాటలు’ అని రాసి ఇచ్చారు పిన్నిగారు.

జరిగినదంతా తమకు వచ్చిన ఇంగ్లీషులో ఆ అపరిచితుడికి రాశారు. అతను సంతోషించి, కావాలంటే ఆ రికార్డుల్లోని హోరు తీసేసి శుభ్రం చేసి పంపుతానన్నాడు. టీచరుగారిని అడిగితే, “వద్దు వదినా. మా ఇంట్లో మాత్రం ఎప్పుడు నిశ్శబ్దంగా ఉంది గనుక?” అన్నారు.

మాస్టారు విధుల్లోకి తిరిగి వచ్చాక శనివారం కథ మళ్ళీ మొదలైంది. స్పీకరులో వారి గొంతు కథ చెబుతుంటే, ఎదుట మాస్టారు కళ్ళతో, చేతులతో, కనుబొమలతో ఆ కథను ఆడి చూపించేవారు. ఒకసారి సరిగ్గా తోడేలు తలుపు తట్టే ఘట్టంలో కంప్యూటరు కొయ్యబారిపోయింది. మాస్టారు కూడా ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే కొయ్యబారి నిలబడ్డారు. పిన్నిగారు మేడ దిగి వచ్చి దాన్ని బాగుచేసేదాకా రెప్ప వేయలేదు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మరుసటి శనివారం, “తాతయ్యా, ఇవాళ కూడా కంప్యూటర్ పాడవుతుందా?” అని ఆశగా అడిగారు. లినక్స్ లోపాన్ని అంత మనసారా కోరుకున్న వాడుకరులు లోకంలో మరెక్కడా ఉండరేమో.

తరువాతి సంవత్సరాల్లో పిన్నిగారు పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందారు. మన శాఖా గ్రంథాలయాలన్నిటికీ స్వయంగా వెళ్ళి, మూలపడిన యంత్రాలను మేల్కొలిపి వచ్చారు. ఒకప్పుడు ప్రశ్నలు అడిగిన ఫోరంలో ఇప్పుడు మన భాషలో వచ్చే కొత్తవారి ప్రశ్నలకు వారే జవాబులు రాస్తున్నారు. “నేనూ ఇలాగే ఇరుక్కున్నాను, కంగారు పడకండి” అని మొదలుపెట్టడం వారి పద్ధతి. తమ స్థానంలోకి వస్తున్న పత్రికల విభాగపు సహోద్యోగి, “మీరు లేనప్పుడు ఏదైనా చెడిపోతే ఎలాగండీ?” అని బెంబేలెత్తితే, ఒక పాత యంత్రం ఆయన ముందు పెట్టి, “ముందు దీన్ని మీరే చెడగొట్టండి. ఆ తర్వాత ఇద్దరం కలిసి బాగుచేద్దాం. భయం పోతుంది,” అన్నారు. ఆయన నిజంగానే చెడగొట్టారు. బాగుచేయడానికి రెండు రోజులు పట్టింది. భయం మాత్రం పోయింది.

ఇంట్లోని ప్రతి యంత్రాన్నీ ఒక్కసారైనా విప్పి చూసే ఈ ఇల్లాలిని చిరునవ్వుతో భరించిన భర్తగారికీ, సెలవు రోజుల్లో సైతం తల్లిని మాకు పంచి ఇచ్చిన కుమార్తెకూ ఈ సందర్భంగా సిబ్బంది అందరి తరఫున కృతజ్ఞతలు.

మొన్న టీ వేళ ఎవరో, “ఇక హాయిగా ఉంటుంది కదా పిన్నిగారూ?” అన్నారు. వారు కప్పు కింద పెట్టి, “ఏమో. ఏదో ఒకటి పాడై ఉంటుందన్న బెంగతోనే ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచి వచ్చేదాన్ని. అన్నీ బాగుంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు,” అన్నారు. పక్కనే ఉన్న కథల మాస్టారు ఫోను తీసి, తీరిగ్గా టైపు చేసి, వారి ముందు పెట్టారు. వత్తులన్నీ సరిగ్గా ఉన్న ఆ వాక్యాన్ని మేమందరం వంగి చదివాం. “ఏమీ చెయ్యొద్దు. మేము పాడవుతూ ఉంటాం. మీరు వచ్చి పోతూ ఉండండి.”

మన సంస్థ యావత్తూ కోరుకునేది కూడా అంతే. పిన్నిగారి కంటిచూపు చిన్న అక్షరాలకు సైతం అలసిపోకుండా ఉండాలి. వేళ్ళకు నొప్పి, మోకాళ్ళకు మెట్ల భయం సోకకుండా ఉండాలి. తొందర లేని ఉదయాలు, తోడున్న సాయంత్రాలు, తెలుసుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒక కొత్త సంగతీ వారికి సమృద్ధిగా లభించాలి. భర్తగారితో, కుమార్తెతో కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలి. ఆ నూరేళ్ళలో ఎప్పుడు ఈ తలుపు తోసుకుని లోపలికి వచ్చినా, లేచి ఎదురు రావడానికి మాలో ఎవరో ఒకరం తప్పక ఉంటాం.